ఆదివారం రాత్రి ఒంటె పాట

పోయిన ఆదివారం రాత్రి ఎనిమిదింబావుకి మా రేడియో స్టూడియోలో ఫోన్ మోగింది. పాట ఇంకా నడుస్తోంది. పాట మధ్యలో ఫోన్ ఎత్తకూడదని నేనే పెట్టుకున్న నియమం, కానీ అది ఆగకుండా మోగుతుంటే ఎత్తాను. అటువైపు ఒక పెద్దాయన. ఆయన గొంతు వెనకాల బర్రె అరుపు, దాని వెనకాల రేడియోలో మేం వేస్తున్న పాటే. పేరు లేదు, ఊరు లేదు, నేరుగా అడిగాడు: "బిడ్డా, గా ఒంటె చేపిందా లేదా, ముందు గది చెప్పు."

పశువులతో పని లేనివాళ్ళకు ఆ మాట తెలియకపోవచ్చు. దూడ నోరు పెట్టి పొదుగును నాలుగుసార్లు కుమ్మగానే తల్లికి పాలు దిగుతాయి చూడండి, దాన్ని చేపడం అంటారు. తల్లి మనసు ఒప్పకపోతే చేపదు, ఇక ఎంత పిండినా చుక్క రాదు.

మేం ఆ రాత్రి వేసింది మంగోలియా గోబీ ఎడారి పాట. ఒక్కోసారి ఒంటె ఈనాక పిల్లను దగ్గరికి రానివ్వదు, కాళ్ళతో తంతుంది, కరుస్తుంది. లేదంటే తల్లి చచ్చిపోయి పిల్ల ఒక్కటే మిగులుతుంది, దాన్ని ఇంకో ఒంటెకు అలవాటు చెయ్యాలి. అప్పుడు తల్లినీ పిల్లనూ దగ్గర దగ్గరగా కట్టేసి, ఒకరు "హూస్... హూస్..." అంటూ ఒకే మాటను సాగదీసి పాడుతూ కూర్చుంటారు. పక్కన గుర్రం తల చెక్కిన రెండు తీగల ఫిడేలో, పిల్లనగ్రోవో ఉంటుంది. తల్లి కరవబోతే పాట ఒక రకంగా పోతుంది, ఉమ్మితే ఇంకో రకంగా, పిల్లను వాసన చూస్తే మరో రకంగా. తెల్లవారుజామునో, పొద్దుగూకే వేళో చేస్తారు. చివరికి తల్లి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయనీ, అప్పుడు పిల్లను పాలు తాగనిస్తుందనీ అక్కడివాళ్ళు చెబుతారు. 2015లో యునెస్కో దీన్ని వెంటనే కాపాడుకోవలసిన వాటి జాబితాలో చేర్చింది. అక్కడ కూడా తిరగడానికి ఒంటెల బదులు బైకులు వచ్చాయి, ఒంటెలు తగ్గితే ఈ పాటతో ఎవరికి పని?

"చేపింది పెద్దయ్యా" అన్నాను.

ఆయన ఊపిరి వదిలిన చప్పుడు ఫోన్లో వినపడింది. ఆయన దగ్గర తొలిచూలు బర్రె ఉందట, నాలుగు రోజుల నుంచి దూడను తంతోందట. దూడ వీపుకు బెల్లం రాశాడు, ఉప్పు రాశాడు, ముందర తవుడు పెట్టి చూశాడు. అవన్నీ చెప్పి, కాసేపు ఆగి, "మా అమ్మ పాలు పిండేటప్పుడు ఊకనే ఏదో ఒకటి అనుకుంట ఉండేది. పాట కాదది. గట్ల అనకపోతే బర్రె చేపకపోయేది. అమ్మ పోయినంక నేను గది మర్చేపోయిన, ఇప్పుడు నీ రేడియోల విన్న" అన్నాడు. ఎలా అనేదో కొంచెం అని చూపించమని అడిగాను. సిగ్గుపడ్డాడు, తర్వాత అన్నాడు. ముక్కుతో, నోరు మూసుకుని, మూడే మూడు స్వరాల మధ్య ఊగుతూ పోయే ఒక ధ్వని, చివర్లో నాలుకతో చిన్న టక్. అడిగి ఒప్పుకున్నాకే ఆ ముప్ఫై సెకన్లూ ప్రసారంలో కలిపాను. గోబీ పాట తర్వాత దేవరకొండ వైపు ఒక కొట్టంలోంచి ఆ ధ్వని. నాకు ఒళ్ళు జలదరించింది, కన్సోల్ దగ్గర ఉన్న పిల్లవాడు నన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఆదివారం రాత్రి నేను రేడియోలో చేసే ఈ పాటల కార్యక్రమం గురించి రాయమని చాలామంది అడుగుతున్నారు, ఆ ఫోన్ తర్వాత ఇక రాయకుండా ఉండలేకపోయాను.

మాది చిన్న కమ్యూనిటీ రేడియో. వంద వాట్ల ట్రాన్స్‌మిటర్, ముప్ఫై మీటర్ల లోపు స్తంభం, వాతావరణం బాగుంటే చుట్టూ పది పదిహేను కిలోమీటర్లు అందుతుంది, గుట్ట అడ్డమొస్తే అదీ లేదు. దేవరకొండ చుట్టుపక్కల గుట్టలకు తక్కువా? కమ్యూనిటీ రేడియోలో కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారైనవే ఉండాలని ప్రభుత్వ నియమం. అందుకే మా దాంట్లో వ్యవసాయం, ఆరోగ్యం, బతుకమ్మ పాటలు, బడి పిల్లల కథలు ఎక్కువ. నేను పగలు బడిలో పాఠాలు చెప్పుకుంటాను, ఆదివారం రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు ఆ గంట నాది. ఆసియా దేశాల సంప్రదాయ సంగీతం, అంటే జపాన్ నుంచి ఇరాన్ దాకా, మంగోలియా నుంచి జావా దాకా, వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో పుట్టి పెరిగిన పాట. సినిమా పాటలు ఉండవు.

మా దగ్గర వినేవాళ్ళలో కొందరికి ఇంకా సెల్లుల రేడియో ఉంది, ఎక్కువమంది చిన్న కీప్యాడ్ ఫోన్‌లో వింటారు. ఆ ఫోన్లలో ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్. తీగ గుచ్చితే గానీ స్టేషన్ పట్టదు, గుచ్చి కూడా స్పీకర్ మీద పెట్టుకుని నలుగురు వింటారు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. అది తెలియక జావా గామెలాన్, అంటే అక్కడి కంచు గంటలు, పలకల వాయిద్య బృందం పాట వేసి, "ఇప్పుడు పెద్ద గంట మోగుతుంది వినండి" అన్నాను. గామెలాన్‌లో అన్నిటికన్నా పెద్ద గాంగ్ ఉంటుంది, అడ్డంగా దాదాపు మూడడుగులు ఉండవచ్చు, దాని శబ్దం ఎంత కిందికి ఉంటుందంటే ఫోన్ స్పీకర్‌కు అది పలకదు. వినేవాళ్ళకు ఏమీ వినపడలేదు. మరుసటి వారం మళ్ళీ అదే వేసి, "ఒక్కొక్కరు వంతులు వేసుకుని ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోండి, కొత్తగా స్పీకర్లు కొన్నవాళ్ళు దానికి తగిలించండి" అని చెప్పాను. ఆ వారం ఒకమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, అది చెవికి కాదు, కడుపులకు వచ్చింది" అంది.

మొదట్లో నా పద్ధతి వేరుగా ఉండేది. ఇది ఫలానా దేశం, ఫలానా శతాబ్దం, వాయిద్యం పేరు, తీగలెన్ని, అన్నీ వరసగా చెప్పేదాన్ని. బడి అలవాటు. ఎవరూ ఫోన్ చేసేవారు కాదు. అప్పుడు మా మేనత్త ఒకమాట అంది, "గిన్ని చెప్తవు గని, వాళ్ళు ఏం పని చేసుకుంట పాడుతరో చెప్పవేందే?" ఆ తర్వాత నేను చూసే తీరు మారింది. ఒక పాట వెయ్యడానికి ముందు ఆ పాట ఎవరి చేతిలో ఉంది, వాళ్ళు ఆ పూట ఏం చేస్తున్నారు, ఎదురుగా ఎవరున్నారు, ఇదే చెబుతున్నాను. ఒకటిన్నర నిమిషం, అంతే. శతాబ్దాలు పాటయ్యాక ఎవరైనా అడిగితే చెబుతాను. అడుగుతారు కూడా.

చైనా గుచిన్ వేసిన రోజు సంగతి చెప్పాలి. గుచిన్ అంటే ఏడు తీగల వాయిద్యం, బల్ల మీద పెట్టి వాయిస్తారు, మెట్లు ఉండవు. కుడిచేత్తో మీటాక ఎడమచేతి వేలు తీగ మీద జారుతూ పోతుంది, ధ్వని సన్నబడి సన్నబడి చివరికి వేలు తీగను రాసుకునే చప్పుడు ఒక్కటే మిగులుతుంది. అది కూడా సంగీతంలో భాగమే. ఆ తర్వాత మౌనం. ఆ మౌనంలో మా కన్సోల్ మీద మీటర్ పూర్తిగా పడిపోయింది, పిల్లవాడికి టెన్షన్ వచ్చేసి, లైన్ తెగిందనుకుని స్టాండ్‌బైలో ఉన్న సబ్బు ప్రకటన వేసేశాడు. వాడి తప్పు ఏమీ లేదు, గాలిలో ఐదు సెకన్లు నిశ్శబ్దం ఉంటే ఏదో ఒకటి వెయ్యమని వాడికి నేర్పింది మేమే. అప్పటికే నలుగురు ఫోన్ చేసి "మీ స్టేషన్ పోయింది" అని చెప్పారు.

వారం తర్వాత మళ్ళీ వేశాం. ఈసారి ముందు చెప్పాను: "ఫ్యాన్ ఆపండి. టీవీ ఆపండి. ఈ పాటలో కొన్ని చోట్ల ఏమీ వినపడదు, రేడియో పోలేదు, ఆయన వేలు ఎక్కడుందో వెతకండి." గువాన్ పింగ్‌హు అనే విద్వాంసుడు వాయించిన 'పారే నీరు' అది. 1977లో అమెరికా వాళ్ళు వాయేజర్ అంతరిక్ష నౌకలో పంపిన బంగారు పూత రికార్డులో ఈ ఏడున్నర నిమిషాల ముక్క ఉంది. అదే రికార్డులో మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం ఉంది, జావా గామెలాన్ ఉంది, జపాన్ వెదురు పిల్లనగ్రోవి ఉంది. అన్నీ కలిసి ఇప్పుడు సూర్యుడి గ్రహాలన్నీ దాటి పోతున్నాయి. ఈ మాట చెప్పి గుచిన్ వేస్తే ఆ ఏడున్నర నిమిషాలూ ఒక్క ఫోన్ రాలేదు. అయ్యాక వచ్చాయి. కిరాణా కొట్టు నడిపే ఒకాయన, కొట్టులో ఫ్రిజ్ కూడా ఆపేశానని చెప్పాడు. ఫ్రిజ్ ఆపి విన్న పాట! ఇంతకన్నా ఒక రేడియో మనిషికి ఏం కావాలి.

కొరియా వాళ్ళ పన్సోరి గురించి మాత్రం ఎంత రాసినా నాకు తనివి తీరదు. ఒక్కరే పాడతారు, చేతిలో విసనకర్ర. పక్కన ఒక్కరే డోలు. అంతే, ఇద్దరితో కథ మొత్తం. మొత్తం కథ పాడితే ఎనిమిది గంటలు పట్టేవి కూడా ఉన్నాయి. గొంతు నున్నగా ఉండదు, బొంగురుగా, చీరుకుపోయినట్టు ఉంటుంది, ఆ గొంతు కోసమే ఏళ్ళ తరబడి సాధన చేస్తారు, జలపాతం పక్కన కూర్చుని దాని హోరును దాటేలా పాడటం అక్కడి పాత పద్ధతి. పాటగత్తె ఒక మాట లాగి వదలగానే డోలు ఆయన "ఒల్‌సిగూ!" అంటాడు. వినేవాళ్ళు కూడా అంటారు. అనకపోతే పాడేవాళ్ళకు ఊపు రాదు.

నేను వేసింది షిమ్ చోంగ్ కథ. గుడ్డి తండ్రి, తల్లి లేని పిల్ల. మూడు వందల బస్తాల బియ్యం గుడికి ఇస్తే తండ్రికి చూపు వస్తుందని ఒక సన్యాసి చెబుతాడు. ఆ బియ్యం కోసం పిల్ల తనను తాను ఓడ వ్యాపారులకు అమ్ముకుంటుంది, వాళ్ళు ఆమెను సముద్రానికి బలిస్తారు. సముద్రరాజు ఆమెను కాపాడి తామరపువ్వులో పైకి పంపుతాడు, రాణి అవుతుంది, తండ్రిని వెతకడానికి దేశంలో ఉన్న గుడ్డివాళ్ళందరికీ విందు పెడుతుంది. చివరన ఆయన వస్తాడు. బిడ్డ గొంతు వింటాడు, బిడ్డ చచ్చిపోయిందని తెలుసు, మరి ఈమె ఎవరు, చూడాలి, చూడాలి అంటూ కళ్ళు నలుపుకుంటాడు, కళ్ళు తెరుచుకుంటాయి. ఈ కథ చెప్పి, తెరుచుకునే ఘట్టం ఒక్కటే పన్నెండు నిమిషాలు వేశాను. భాష ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాదు.

ఆ రోజు ఫోన్ చేసినవాళ్ళలో ఒగ్గుకథ చెప్పే ఒక పెద్దమనిషి ఉన్నారు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ యాభై ఏళ్ళుగా చెబుతున్న మనిషి. ఆయన మొదటి మాట: "అమ్మా, గా డోలు ఆయన ఊ కొడుతుండు గదా!" అవును, అంతే అది. ఒల్‌సిగూ అంటే ఏమిటని నేను పుస్తకాలు వెతికి మూడు వాక్యాలు రాసుకున్నాను, ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. కథకు ఊ కొట్టేవాడు ఉండాలి. ఒగ్గుకథలో పక్కవాళ్ళు లేకపోతే ప్రధాన కథకుడు ఎంత గొప్పవాడైనా మొదటి ఘడియలోనే అలసిపోతాడు. ఆయన ఇంకోటి కూడా అన్నారు: "గొంతు పగిలింది, మంచిగ పగిలింది." పగిలిన గొంతులో మంచి, చెడు ఉంటాయని నాకు అంతవరకు తెలియదు. అది తన విద్య తెలిసినవాడు ఇంకో దేశపు విద్యకు ఇచ్చే మర్యాద. ఆ మాటకు కొరియాలో ఎవరైనా పాటగత్తె సంతోషపడుతుంది, నాకు అనుమానం లేదు.

ఇలా చెప్పుకుంటూ పోతే అన్నీ మనవాటిలాగే ఉన్నాయని అనిపిస్తుంది. ఉండవు. ఇక్కడే నేను జాగ్రత్తగా ఉండాలనుకుంటాను. గామెలాన్ వేసినప్పుడు మా భజన మండలిలో హార్మోనియం వాయించే ఒక మామయ్య నిజంగానే కోపంగా ఫోన్ చేశారు. "శ్రుతి కలవలేదు, గది తప్పు వాయిస్తుండ్రు, పిల్లలు విని గదే నేర్చుకుంటరు." నేను ఆ మాట కొట్టిపారేయలేదు, ఆయన చెవి తప్పు వినలేదు. గామెలాన్‌లో స్లెంద్రో అని ఐదు స్వరాల వరస ఉంది, ఆ ఐదూ దాదాపు సమాన దూరంలో ఉంటాయి, అవి హార్మోనియం మెట్ల మధ్యలో ఎక్కడో పడతాయి. మన మోహన రాగంలాగా వినపడుతుంది, కానీ మోహన కాదు. పైగా ఒక్కో ఊరి గామెలాన్ శ్రుతి ఒక్కోలా ఉంటుంది, కంచు పోతపోసి సానబట్టేటప్పుడే ఆ సెట్టు మొత్తం ఒకదానికొకటి కలిసేలా చేస్తారు, అందులో ఒక వాయిద్యం తీసుకెళ్ళి పక్క ఊరి సెట్టులో పెడితే కుదరదు. ఇంట్లో అన్నదమ్ముల లాగా ఆ సెట్టు ఆ సెట్టే. బాలి దీవిలో అయితే జంట వాయిద్యాలను కావాలనే రవ్వంత తేడాతో శ్రుతి చేస్తారు, రెండూ కలిసి మోగినప్పుడు ధ్వని నీటిమీద ఎండలా వణుకుతుంది. తాళం కూడా వేరు. మనం ఆవర్తనం మొదటి దెబ్బ మీద బరువు వేస్తాం, వాళ్ళకు బరువు చివర, పెద్ద గాంగ్ పడేది ఆఖరి దెబ్బ మీద.

ఇదంతా మామయ్యకు ఫోన్లో చెప్పలేక ఆయన ఇంటికే వెళ్ళాను. హార్మోనియం ముందు పెట్టుకుని, ఫోన్లో గామెలాన్ పెట్టి, ఏ మెట్టుకు కలుస్తుందో వెతికాం. ఒక మెట్టు కొంచెం తక్కువ, పక్క మెట్టు చాలా ఎక్కువ. గంటసేపు వెతికి ఆయన హార్మోనియం మూసేసి, "ఇది నా పెట్టెల లేదు" అన్నారు. కోపం పోయింది. నచ్చిందని మాత్రం అనలేదు, ఇప్పటికీ అనరు. ఆయన వింటారు, ప్రతి వారం వింటారు, నాకు అది చాలు. అన్నీ మనవే అని చెప్పేసి ఎదుటివాళ్ళ సంగీతాన్ని మన గోనెసంచిలో వేసుకోవడం నాకు ఇష్టం లేదు. వేరేగా ఉన్నదాన్ని వేరేగానే ఉండనిచ్చి వినాలి.

అయితే నిజంగా చుట్టరికం ఉన్నచోట చెప్పకుండా ఉండలేను. జపాన్‌లో బెంజైతెన్ అనే దేవత ఉంది, చేతిలో బివా అనే వాయిద్యం. ఆమె మన సరస్వతే. బౌద్ధ గ్రంథాలతో పాటు చైనా మీదుగా అక్కడికి చేరింది. 8వ శతాబ్దపు ఐదు తీగల బివా ఒకటి నారా నగరంలోని షోసోయిన్ భాండాగారంలో ఇప్పటికీ ఉంది, దాని మీద ముత్యపు చిప్పతో ఒక బొమ్మ పొదిగారు: ఒంటె మీద కూర్చుని వాయిద్యం మీటుతున్న మనిషి. (చూడండి, మళ్ళీ ఒంటె.) ఆ ఐదు తీగల రకం భారతదేశం వైపు నుంచే వెళ్ళిందని పండితులు అంటారు. మన సాగర్ మధ్యలో ఉన్న నాగార్జునకొండ శిల్పాల్లో ఇలాంటి పొట్టి మెడ, బేరిపండు ఆకారపు తీగవాయిద్యాలు చెక్కి ఉన్నాయి, సుమారు పదిహేడు వందల ఏళ్ళ కిందటివి. సాగర్ వెళ్ళినవాళ్ళు లాంచీ ఎక్కి, మ్యూజియంలో ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే ఆ రాళ్ళలో వాయించేవాళ్ళ చేతులను చూడండి. 752లో నారాలో మహాబుద్ధుడి విగ్రహానికి కళ్ళు దిద్దిన భిక్షువు బోధిసేనుడు మన దేశంవాడే, ఆ వేడుకలో చాలా దేశాల సంగీతం వినిపించారట. అక్కడి ఆస్థాన సంగీతం గగాకును వేసిన రోజు నేను ఇదంతా చెప్పాను, అది అసలు నేను వేసినవాటిలో అన్నిటికన్నా నెమ్మదైనది, ఫోన్లు తక్కువ వచ్చాయి, అయినా మళ్ళీ వేస్తాను.

రికార్డుల సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి ఒక మాట. నెట్‌లో దొరికిందల్లా తీసి వెయ్యం. వాయించినవాళ్ళకు గానీ, రికార్డు తీసిన సంస్థకు గానీ రాసి అనుమతి అడుగుతాం, నెల పడుతుంది, కొన్నిసార్లు జవాబు రాదు, రాకపోతే వెయ్యం. పాడినవాళ్ళ పేరు ముందు ఒకసారి, చివర ఒకసారి తప్పకుండా చెబుతాం. వాళ్ళ పేరు సరిగా పలకడానికి నేను ఎంత అభ్యాసం చేస్తానో ఇంట్లోవాళ్ళకు తెలుసు.

బాధపెట్టింది ఒక్కటే ఉంది. ప్రకటనలు ఇచ్చే ఒకాయన, మంచివాడే, "పాట మొత్తం ఎందుకు, నిమిషం వేసి ఆపండి, మధ్యలో సినిమా పాట వెయ్యండి, జనం వింటారు" అన్నాడు. ఒక సమావేశంలో దాదాపు అందరూ అదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎనిమిది గంటల పన్సోరిలో పన్నెండు నిమిషాలు వెయ్యడమే నాకు కష్టంగా ఉంటుంది. నిమిషం వేస్తే అది వింత చూపించడం అవుతుంది, సంతలో రెండు తలల దూడను చూపించినట్టు. ఒక మనిషి జీవితమంతా పెట్టి నేర్చుకున్నదాన్ని అలా చూపించే హక్కు నాకు లేదు. చూడండి, మంగోలియా ఖూమీ ఉంది, ఒకే గొంతులోంచి రెండు ధ్వనులు, కింద బొంయ్ మనే ఒక నాదం, పైన ఈల లాంటి రాగం. నిమిషం వేస్తే "అబ్బో" అంటారు, అయిపోతుంది. నేను పది నిమిషాలు తీసుకుని వినేవాళ్ళచేతే చేయించాను. మీరూ చెయ్యండి: ఒకే శ్రుతిలో గొంతు ఆపకుండా "ఊ" అంటూ మొదలుపెట్టి, చాలా నెమ్మదిగా "ఈ" దాకా రండి, పెదవులు కదిలించండి, నాలుక వెనక నుంచి ముందుకు. గొంతు మారదు కానీ పైన సన్నగా ఏదో మెట్లెక్కుతున్నట్టు వినపడుతుంది. తంబురా బాగా కలిసినప్పుడు ఎవరూ మీటని గాంధార స్వరం దానంతటదే వినపడుతుంది చూడండి, అదే సంగతి. ఖూమీ పాడేవాళ్ళు ఆ సన్నటి ధ్వనిని పట్టుకుని దాంతో పాట కడతారు. ఆ రాత్రి మా వైపు ఎన్ని ఇళ్ళలో "ఊ... ఈ..." అన్నారో, మర్నాడు బడిలో పిల్లలంతా అదే గోల, హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి అడిగారు కూడా.

ఆ గుర్రం తల ఫిడేలు, మోరిన్ ఖూర్, దాని తీగలు గుర్రపు తోక వెంట్రుకలు. మోరిన్ ఖూర్ వేసిన వెంటనే నేను కిన్నెర వేశాను. మా వైపు కిన్నెర అంటే చెప్పాల్సిన పని లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర అందరికీ తెలిసింది, అంతకుముందు పాలమూరులో కూడా చాలామంది పిల్లలు దాన్ని చూడలేదు. వెదురు కర్ర, మూడు ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లను తేనెమైనంతో అతికిస్తారు, కొసకు పక్షి బొమ్మ. వాయిస్తుంటే ఆ పక్షి తల ఊపుతుంది. అక్కడ గుర్రం, ఇక్కడ పక్షి. గుర్రాల వెంట తిరిగినవాళ్ళు గుర్రాన్ని చెక్కుకున్నారు. మొగులయ్య గారు పాడే పండుగ సాయన్న కథలో దొరల నుంచి లాక్కుని పేదలకు పంచిన మనిషి ఉన్నాడు, గడ్డి మైదానాల ఫిడేలులో పోయిన గుర్రం కోసం ఏడ్చిన యజమాని ఉన్నాడు. పక్కపక్కన వింటే నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఒక ముసలమ్మ ఫోన్ చేసి, "మా దగ్గర సొరకాయ బుర్రలు ఉన్నయి, ఇత్తనాలు పోసుకుంటం, కావాల్నంటే ఇస్త" అంది. వియత్నాంలో దాన్ బౌ అని ఒకే తీగ వాయిద్యం ఉంది, పేరుకు అర్థమే సొరకాయ వాయిద్యం, ఆడపిల్లలు దాన్ని వింటే మనసు చెదురుతుందని అక్కడ ఒక పాత మాట. ఆమెకు ఆ సంగతి చెప్పాను. నవ్వి, "అయితే ముందు గదే వెయ్యి" అంది. వేశాం.

ఒంటె పాట రోజు ఇంకో ఫోన్ కూడా వచ్చింది, దాని గురించే ఈ వారమంతా తిరుగుతున్నాను. తండా నుంచి ఒకావిడ. మంగోలియా వాళ్ళకే ఇంకొకటి ఉంది, పొడుగు పాట అంటారు, ఒక్కో అక్షరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ సాగదీస్తారు, నాలుగు నిమిషాల పాటలో పది మాటలు ఉంటే గొప్ప. అది ఒంటె పాటకు ముందు వేశాను. ఆవిడ అంది, "అది మా ఢావ్లో లెక్కనే ఉందక్కా." ఢావ్లో అంటే లంబాడా పెళ్ళిలో పెళ్ళికూతురు పుట్టింటిని వదిలేటప్పుడు ఏడుస్తూ పాడేది, వరసైన ఒక్కొక్కరి మెడ పట్టుకుని. పాడతారా అని అడిగితే ఇంట్లో పాడనంది. పెళ్ళి లేకుండా ఇంట్లో ఆ పాట ఎత్తకూడదట. చేను దగ్గరైతే పాడతానంది, పొద్దున్నే, కూలీలు రాకముందు.

శుక్రవారం ఆరింటికి వెళ్తున్నాను. రికార్డర్ చార్జింగ్ పెట్టాను, మైకుకు బొచ్చు తొడుగు ఒకటి అడిగి తెచ్చుకున్నాను, పత్తి చేను గట్టు మీద గాలి ఎలా ఉంటుందో తెలియదు. ఆవిడ మేకలను ఆ గంటసేపు చూసుకోవడానికి మా కన్సోల్ పిల్లవాడు వస్తానన్నాడు.